మెట్ల మీద తాళాల గుత్తి

మా గాలివానల ఆఫీసరమ్మకు,

నీ ఆయన రాస్తున్నాడు. ఇక్కడ నేనూ మీ అమ్మగారూ కులాసా. అత్తగారూ అల్లుడూ ఒకే కప్పు కింద, మధ్యలో నువ్వు లేకుండా, ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకోకుండా ఇన్నాళ్ళు నెట్టుకొచ్చారంటే అంతకన్నా కులాసా ఏముంటుంది. దీవి మీద నువ్వూ, నీ బెలూన్లూ, వాన కొలిచే నీ గొట్టాలూ బాగున్నాయనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం పోయిన పడవలో వచ్చింది. సముద్రపు తేమకు కవరు అంచులు ఉబ్బాయి గానీ లోపలి అక్షరాలు చెక్కుచెదరలేదు.

సరుకుల పడవ రేపు మళ్ళీ బయల్దేరుతుంది. ఈలోపు ఈ ఉత్తరం టపా సంచీలో పడాలి. పొద్దున వంటింటి బల్ల దగ్గర మొదలుపెట్టాను, ఆ కాగితం చింపేశాను. హాల్లో సోఫా మీద ఇంకోటి మొదలుపెట్టి అదీ చింపాను. ఇప్పుడు కిటికీ దగ్గర ఇస్త్రీ బల్ల మీద పెట్టి రాస్తున్నాను. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నానని మీ అమ్మ అనలేదు. అల్లుణ్ణి అలా అనే మనిషి కాదు కదా. కళ్ళజోడు పైనుంచి ఒక్క చూపు చూసి మళ్ళీ పేపర్లో తల దూర్చింది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను. స్నానాల గది కొళాయి బాగయింది. ప్లంబరు వచ్చి, వాషరు మార్చి, ఇది ఎప్పుడో మార్చాల్సిందని నాకు నాలుగు చీవాట్లు పెట్టి వెళ్ళాడు. రాత్రంతా చుక్కచుక్కగా కారుతున్నా ఎలా నిద్రపోయారండీ అని అడిగాడు. నేను నవ్వేశాను. ఆ ప్రశ్న అప్పుడు నాకు ప్రశ్నలా తోచలేదు.

మీ స్టేషన్‌లో ఉన్న పాత ప్లేయర్ సంగతి అడిగావు. మనుషుల పెదవులు కదలకముందే మాట వచ్చేస్తోందనీ, సినిమా చూస్తుంటే అందరూ కలిసి అబద్ధం ఆడుతున్నట్టుందనీ రాశావు. దాన్ని సముద్రంలో పారేయొద్దని మీవాళ్ళతో చెప్పు. తప్పు పాపం ప్లేయర్‌ది కాదు. మీ టీవీ బొమ్మను తీర్చిదిద్దడానికి కాస్త వ్యవధి తీసుకుంటోంది, ఆలోపు మాట ముందు పరుగెత్తుతోంది. ప్లేయర్ సెట్టింగుల్లో సౌండ్ అన్నచోట ‘ఆడియో డిలే’ అని ఉంటుంది. దాన్ని కొంచెం కొంచెంగా పెంచు. మాటలు చూస్తూ పెంచకు, పెదవులు మోసం చేస్తాయి. ఎవరైనా తలుపు వేసే సీనో, సుత్తితో మేకు కొట్టే సీనో పెట్టుకో. దెబ్బా చప్పుడూ ఒకేచోట పడేదాకా పెంచి అక్కడ వదిలెయ్. బొమ్మ మరీ ఎర్రగా ఉందన్నావు కదా, అది టీవీలో ‘వివిడ్’ అని పెట్టి ఉంటుంది. కొట్లో జనాన్ని ఆకట్టుకోవడానికి పెట్టేది అది. తీసేసి ‘సినిమా’ అని పెట్టు. మొదట చప్పగా కనిపిస్తుంది, రెండు రోజులు ఓపిక పట్టండి. తర్వాత మనుషుల మొహాలు మనుషుల మొహాల్లా ఉంటాయి.

చూశావా, ఇలాంటివి అడిగితే నా కలం ఎంత హుషారుగా నడుస్తుందో. మూడోది మీ అమ్మ చెవుల సంగతి. నాలుగోది నువ్వు అడగలేదు, ఉత్తరం చివర ఒక్క వాక్యం రాసి వదిలేశావు. “నా తాళాల గుత్తి నా దగ్గరే ఉంది, వచ్చేటప్పుడు తాళం నేనే తీసుకుని వస్తాలే, నువ్వు లేవక్కర్లేదు.” ఆ వాక్యాన్ని నేను మరిచిపోలేదు. దాని దగ్గరికి రావడానికే ఇన్ని కాగితాలు చింపాను. ముందు మీ అమ్మ సంగతి చెప్పనీ, ఎందుకంటే అది చెప్పకుండా ఇది చెప్పలేను.

మా కంపెనీలో పద్ధతి నీకు తెలిసిందే, అయినా వరస తప్పితే నాకు చెప్పడం రాదు. కొత్త మోడల్ ప్లేయర్ ముందు మా పరీక్ష గదిలోకి వస్తుంది. బొమ్మ గదిలో వాళ్ళు టీవీలో చీకట్లో నల్లకోటు మనిషిని నడిపించి కోటు మడతలు కనిపిస్తున్నాయా లేదా అని చూస్తారు. సౌండ్ గదిలో నేను తెర వెనక పాత ప్లేయర్, కొత్త ప్లేయర్ పెట్టించుకుని, ఏది ఏదో తెలియకుండా వింటాను. చివర్లో ఏమీ పెట్టకుండా, ఊరికే ఆన్ చేసి, దాని పక్కన కూర్చుని దాని సొంత చప్పుడు వింటాను. దాన్ని మేం మూగ పరీక్ష అంటాం. మీటరు పెడితే మొత్తం చప్పుడు ఎంతో చెబుతుంది గానీ, అందులో మనిషిని పీడించే సన్నటి కూత ఏదైనా దాగి ఉంటే అది చెవికే తెలియాలి. ఆ పరీక్షకు సంతకం నా ఒక్కడిదే. అన్నీ అయ్యాక ఆ ప్లేయర్ కొన్నాళ్ళు పరీక్ష చేసినవాడి ఇంట్లో కాపురం చేయాలి. గదిలో బయటపడనివి ఇంట్లో బయటపడతాయని మా పెద్దాయన నమ్మకం.

అలా ఈ కొత్త ప్లేయర్ మనింటికి వచ్చింది. మీ అమ్మకు అది మహా వినోదం. నేను బొమ్మ సరిచూసుకోవడానికి పెట్టుకునే సినిమా ముక్క ఒకటుంది కదా, ఎర్రచీర ఆవిడ ఇటుక గోడ పక్కన నడుస్తూ పోయేది. గోడ గీతలు వణకకూడదు, చీర రంగు అంచు దాటి కారకూడదు, అది చూడాలి. నేను దాన్ని మళ్ళీ మళ్ళీ పెడుతుంటే మీ అమ్మ ఉండబట్టలేక, ఆవిడ ఎప్పటికి ఇల్లు చేరుతుందని అడిగింది. అప్పుడు ఎంత నవ్వానో.

ఆ తర్వాత ఆవిడకు చప్పుడు వినిపించడం మొదలైంది. ఇంట్లో ఏదో సన్నగా కూస్తోందంది. మొదట వంటింట్లో గ్యాస్ చూసింది. తర్వాత దోమ అంది. ఫ్రిజ్ తలుపు తెరిచి చెవి పెట్టింది. చివరికి వెతుక్కుంటూ వెళ్ళి ప్లేయర్ ముందు ఆగి, ఇదే అని వేలు పెట్టి చూపించింది. నేను దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఊపిరి బిగబట్టి విన్నాను. ఏమీ లేదు. కూత లేదత్తయ్యా అన్నాను, ఎంత మర్యాదగా అన్నానంటే, ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గేస్తోంది. ఆవిడ వాదించలేదు. మర్నాడు దాని మీద దుప్పటి మడిచి కప్పింది. లోపల వేడెక్కి అది ఆగిపోయింది, చల్లబడ్డాక మళ్ళీ నడిచింది. ఇదంతా పోయిన ఉత్తరంలో రాసి, పెద్దతనం కదా, చెవుల్లో మోత మొదలైంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను అని రాశాను. నువ్వు కంగారుపడి, అమ్మను భయపెట్టకుండా తీసుకెళ్ళు, డాక్టరు చెప్పింది ఉన్నదున్నట్టు రాయి అన్నావు.

ఉన్నదున్నట్టే రాస్తున్నాను. మీ అమ్మ చెవులు నిక్షేపంలా ఉన్నాయి. గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆవిడ ఒక్కటి కూడా వదల్లేదట. ఈ వయసులో ఇలాంటి చెవులు అరుదండీ అని డాక్టరమ్మ మెచ్చుకుంది. మీ అమ్మ వినయంగా, ఉద్యోగమంతా లైబ్రరీలో చేశాననీ, జనాన్ని ష్ అని గదమాయించడమే తన పని అనీ చెప్పింది. మూడు బీరువాల అవతల ఎవరు గుసగుసలాడినా పట్టేసేదాన్నని కూడా చెప్పింది. నువ్వు దిగులు పెట్టుకోవద్దు. మీ అమ్మకు మోత లేదు, చెవుడు లేదు, ఏమీ లేదు.

అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. కానీ మీ అమ్మ గర్వం ఊరుకోలేదు. “మా అల్లుడుగారివి కూడా చూడండమ్మా,” అంది డాక్టరమ్మతో. “అవి కంపెనీవాళ్ళు జీతమిచ్చి పెట్టుకున్న చెవులు.”

నేను నవ్వుతూనే లోపలికి వెళ్ళాను. నిజం చెప్పనా, కాస్త కాలరు సవరించుకునే వెళ్ళాను. గాజుకు అవతల పరీక్ష చేసే ఆవిడ కూర్చుంది. ఆవిడ చెయ్యి మీట మీద ఉంది. మొదటి చప్పుళ్ళు లావువి, అవన్నీ విన్నాను. తర్వాత సన్నబడుతూ వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. పరీక్ష అయిపోయిందనుకుని హెడ్‌ఫోన్ తీయబోయాను. అప్పుడు చూశాను, ఆవిడ చెయ్యి ఆగలేదు. నొక్కుతూనే ఉంది, తిప్పుతూనే ఉంది, నా చేతి వంక చూస్తూనే ఉంది. అవతల చప్పుడు మోగుతోంది. ఇవతల నాకు నా ఊపిరి తప్ప ఇంకేం లేదు.

అప్పుడు నేనేం చేశానో తెలుసా. ఆవిడ చెయ్యి కదిలినప్పుడల్లా నా మీట నొక్కాను. ఎవరైనా తెర కింద నుంచి ప్లేయర్ కాళ్ళు చూసి అది పాతదో కొత్తదో చెబితే ఉద్యోగంలోంచి తీసేయాలని అరిచే మనిషిని, ఆ గాజు గదిలో కూర్చుని కాపీ కొట్టాను. ఆవిడకు అర్థమైపోయింది. కుర్చీ అటు తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చుంది. ఆ తర్వాత చాలాసేపు నేను మీట ముట్టుకోలేదు.

డాక్టరమ్మ గీత గీసిన కాగితం చూపించింది. సమంగా పోతున్న గీత ఒకచోట గుంటలో పడి, మళ్ళీ కొంచెం పైకి లేచింది. ఏళ్ళ తరబడి హెడ్‌ఫోన్‌లో పెద్ద చప్పుడు వినేవాళ్ళకు ఇలాగే అవుతుందట. మాటలు వినిపిస్తాయి, పాట వినిపిస్తుంది, అందుకే తెలియదు. పోయినవి తిరిగి రావు, ఉన్నవి కాపాడుకోండి అంది. ఏవేవి పోయాయని అడిగాను. ఆవిడ వేళ్ళు మడిచి తీరిగ్గా చెప్పింది. పిట్టల కూతలు కొన్ని. నీటి చుక్కల చప్పుడు. గ్లాసుకు చెంచా తగిలినది. జేబులో చిల్లర. తాళాలు.

ఇదీ నేను దాచి ఉంచిన సంగతి. నీ మొగుడి చెవులు పోయాయి. మొత్తం పోలేదు. బతుకుతెరువు ఏ ముక్క మీద ఆధారపడిందో ఆ ముక్క పోయింది.

ఇంట్లోకి రాగానే మీ అమ్మ చెప్పులైనా విప్పకుండా వెళ్ళి, ప్లేయర్ ప్లగ్గు పీకేసి, వైరు చుట్టచుట్టి దాని పక్కనే పెట్టింది. నేను సోఫాలో కూర్చుని ఆ పెట్టెనే చూశాను. అది నిజంగానే కూసింది. ఇన్నాళ్ళూ కూస్తూనే ఉంది. దాని మూగ పరీక్ష కాగితం మీద నా సంతకం ఉంది. గోదాములో అలాంటివి అట్టపెట్టెల్లో సర్దుతున్నారు, ఈ వారం బయటికి వెళ్ళాలి. ఇళ్ళల్లోకి వెళ్ళి, మీ అమ్మలాంటి వాళ్ళందరి చేత గ్యాస్ కట్టించి, దోమల్ని వెతికించాలి. వాళ్ళ అల్లుళ్ళూ కోడళ్ళూ వాళ్ళను డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్ళాలి.

మర్నాడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆఫీసుకు వెళ్ళాను, నా కుర్చీలో కూర్చున్నాను, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని విన్నాను. కళ్ళు మూసుకుంటే భయమేసింది, తెరిచి విన్నాను. పక్కన కూర్చునే గడ్డపాయన మొహం ఎప్పుడు చిట్లిస్తాడా అని ఓరకంట చూస్తూ, అతను చిట్లించినప్పుడు నేనూ తల పంకించాను. మధ్యాహ్నానికి ఆకలి చచ్చిపోయింది. ఇంటికి వస్తే చెంచాతో గ్లాసు కొట్టి చూడటం, చిల్లర గలగలలాడించి చూడటం, కిటికీలో పిట్ట నోరు తెరిస్తే దాని వంక గుడ్లప్పగించి చూడటం. ఏ చప్పుడు ఉందో ఏది లేదో నమ్మకం పోయింది. కుదురుగా ఒకచోట నిలబడలేకపోయాను. నీకు రాద్దామని కూర్చుని, చింపి, మళ్ళీ ఆఫీసుకు పోయేవాణ్ణి.

చివరికి నిన్న పెద్దాయన గదిలోకి ఆ ప్లేయర్ చంకన పెట్టుకుని వెళ్ళాను. ఆన్ చేసి ఆయన బల్ల మీద పెట్టి, వినండి సార్ అన్నాను. ఆయన తల వంచి విన్నాడు. ఒక్క క్షణం చాలింది, మొహం ముడుచుకుంది. ఇది మీరెలా వదిలారు అని అడిగాడు. నాకు వినపడలేదు సార్, నాకిక ఇలాంటివి వినపడవు అని చెప్పాను. డాక్టరమ్మ కాగితం ముందు పెట్టాను. అది నా జీవితంలో అన్నింటికన్నా కష్టమైన మాట అవుతుందని నాలుగు రోజులుగా అనుకున్నాను గానీ, అనేశాక ముల్లు తీసేసినట్టయింది.

ఆయన ముందు గోదాముకు ఫోన్ చేసి పెట్టెలు ఆపించాడు. తర్వాత నా సంతకంతో వెళ్ళిన పాత మోడళ్ళన్నీ మళ్ళీ ఇంకొకరికి వినిపించాలన్నాడు. నిజమే, నేనూ అదే చెప్పబోయాను. కోప్పడతాడనుకుంటే కోప్పడలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. కాగితం మడిచి నా చేతికిచ్చి, కళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు. బాగానే ఉన్నాయన్నాను. “అయితే సోమవారం నుంచి బొమ్మ గదిలో కూర్చోండి. హెడ్‌ఫోన్ ఇక్కడ పెట్టి వెళ్ళండి,” అన్నాడు. నా మెడలో వేలాడుతోందని అప్పుడు గుర్తొచ్చింది. తీసి బల్ల మీద పెట్టాను. తేలిగ్గా ఉండాల్సిన మెడ ఎందుకో వెలితిగా ఉంది, ఇప్పటికీ తడుముకుంటున్నాను.

అంటే ఉద్యోగం సంగతి తేలింది. నువ్వు కంగారుపడే పనేం లేదు. ఎర్రచీర ఆవిడతో నాకు ఇక పూర్తికాలపు స్నేహం. మరి ఎందుకు ఇంకా కుదురు లేదంటే, తేలనిది నీ సంగతి కాబట్టి.

తాళాల దగ్గరికి వస్తాను. మనం ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో నువ్వు పని నుంచి వచ్చి, మెట్ల కింది మలుపులో సంచీలోంచి గుత్తి తీసేదానివి. నేను ఇంట్లో ఏ మూలనున్నా ఆ చప్పుడు పట్టుకుని, నువ్వు పైకి వచ్చేసరికి తలుపు తీసి నిలబడేవాణ్ణి. నీవి పాము చెవులురా బాబూ అని నువ్వు నవ్వేదానివి. అది మనిద్దరి మధ్యా ఒక ఆట అయిపోయింది. తర్వాత ఎప్పుడో ఆట ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో నాకు తెలియలేదు. నువ్వే తాళం తీసుకుని లోపలికి వచ్చేదానివి, నేను తల తిప్పి ఓ, వచ్చావా అనేవాణ్ణి.

నువ్వు దీవికి బయల్దేరే రోజున, సామాను కట్టుకుంటూ, నా వైపు చూడకుండా అన్నావు. “కొన్నాళ్ళు తలుపు ముందు నిలబడి కావాలని గుత్తి ఆడించేదాన్ని. లోపల నువ్వున్నావని తెలుసు. లైటు కనిపిస్తూనే ఉండేది.” నేనేం జవాబిచ్చానో గుర్తుందా. పనిలో ఉండి ఉంటాను అన్నాను. నువ్వు సరేలే అని పెట్టె జిప్పు లాగేశావు. అంత దూరపు ఉద్యోగానికి ఎందుకు ఒప్పుకున్నావని నిన్ను ఎవరడిగినా జీతం బాగుందని చెప్పావు. నేను కూడా అదే నమ్మాను, నమ్మడం తేలిక కాబట్టి. డాక్టరమ్మ తాళాలు అన్నప్పుడు నాకు ఉద్యోగం గుర్తు రాలేదు. ఆ జిప్పు గుర్తొచ్చింది.

అయినా అనుమానం వదల్లేదు. నిజంగా వినపడకే రాలేదా, లేక ఇప్పుడు దొరికింది కదా అని సాకు చెప్పుకుంటున్నానా. పరీక్ష చేయకుండా ఏదీ నమ్మనివాణ్ణి కదా. అందుకని ఇవాళ పొద్దున మీ అమ్మకు మన రెండో గుత్తి ఇచ్చి, కింది మలుపు దాకా వెళ్ళి అక్కడ నుంచి ఆడించుకుంటూ పైకి రమ్మన్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను. నువ్వు తలుపు ముందు నిలబడ్డ సంగతితో సహా చెప్పాను. ఆవిడ చెప్పులు వేసుకుని వెళ్ళింది.

నేను తలుపు వెనక నిలబడ్డాను. చెయ్యి గడియ మీద పెట్టుకున్నాను, వినపడిన క్షణంలోనే తీయాలని. ఇంట్లో ఫ్యాన్లన్నీ కట్టేశాను. పక్కింటివాళ్ళు ఏదో మాట్లాడుకోవడం వినపడుతోంది. కింద వీధిలో లారీ వెళ్ళడం వినపడింది. ఎంత ఆశగా విన్నానంటే, నా జన్మలో ఏ ప్లేయర్‌నీ అలా వినలేదు. మెట్ల మీద ఏమీ లేదు. మీ అమ్మ ఇంకా కిందికే దిగుతోందనుకున్నాను. నడుము నొప్పి వచ్చి ఎక్కడైనా కూర్చుందేమో అనుకున్నాను. ఇక వెళ్ళి చూద్దామని గడియ తీసి తలుపు లాగాను.

ఆవిడ గుమ్మానికి అవతల నిలబడి ఉంది. గుత్తి ఎత్తి పట్టుకుని, నా మొహం ముందు ఆడిస్తూ ఉంది. చెయ్యి నొప్పి పుట్టేలా చాలాసేపటి నుంచే ఆడిస్తున్నట్టుంది. నన్ను చూసి ఆపింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

“పిచ్చిపిల్ల,” అంది. “ఇక్కడే నిలబడేది కాబోలు.”

ఆ రోజుల్లో మనం ఇద్దరమూ ఆ తలుపుకు చెరో పక్కా ఇలాగే ఉన్నాం. నువ్వు ఆడిస్తున్నావు, నాకు తెలియదు. నాకు తెలియదని నీకు తెలియదు. నిన్ను చూడాలని లేక కూర్చోలేదు. ఇది నీకు ఎన్నిసార్లు రాస్తే నమ్ముతావో అన్నిసార్లు రాస్తాను. కానీ ఒక సంగతి మాత్రం ఒప్పుకుంటాను. చప్పుడు పోయిందని తెలియకపోవడం చెవి తప్పు. నువ్వు రోజూ తాళం నువ్వే తీసుకుని వస్తున్నావని గమనించకపోవడం చెవి తప్పు కాదు. దానికి డాక్టరమ్మ కాగితంలో గీత లేదు.

మీ అమ్మ ఇప్పుడు వంటింట్లో ఉంది. నేను రాయడం అయ్యేదాకా గిన్నెలు చప్పుడు చేయకుండా తోముతోందని నా అనుమానం, లేదా చప్పుడు చేస్తూనే ఉందేమో. నీకు ఏం రాయమంటారు అని అడిగాను. ఏమీ వద్దు, తొందరగా రమ్మని రాయండి చాలు అంది. నువ్వు రాగలిగినప్పుడే రా. నీ వానలు నువ్వు కొలుచుకో. నా మీద జాలితో పడవ ఎక్కకు.

వచ్చేటప్పుడు మాత్రం ఏ పడవో ముందుగా రాయి. నీ చివరి వాక్యానికి నా జవాబు ఇదే. గుత్తి సంచీ అడుగునే ఉండనీ, పైకి తీయొద్దు. తలుపు కొట్టొద్దు, బెల్లూ నొక్కొద్దు, అదీ సన్నటిదే. ఆ రోజు నేను ఇంట్లో ఉండను. తలుపు బార్లా తెరిచి పెట్టి పై మెట్టు మీద కూర్చుని ఉంటాను. కింది మలుపులో నీ తల కనిపించగానే లేస్తాను. కళ్ళు బాగానే ఉన్నాయని పెద్దాయనతో చెప్పాను కదా.

ఇట్లు,
మెట్ల మీద నీకోసం కనిపెట్టుకుని ఉండే
నీ ఆయన